అక్కకి ఇంకా ఎన్నేళ్లు? ఒక పాథాలజిస్టు జవాబు

బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు చెబుతాను, తప్పుంటే సరిచేయండి.

మీ అక్కకి 36 ఏళ్లు, అంగన్‌వాడీ టీచరు. మూడేళ్లుగా దగ్గు, పిల్లికూతలు, అప్పుడప్పుడూ తెమడలో నెత్తురు. మొదట ఆస్తమా అన్నారు, పీల్చే మందు ఇచ్చారు. తరవాత తెమడ పరీక్షలో క్రిములేవీ కనపడకపోయినా ఆరు నెలలు టీబీ మాత్రలు వాడించారు. చివరికి సీటీ స్కాన్‌లో ఎడమ ఊపిరితిత్తి కింది లోబులో, అంటే కింది భాగంలో, 2.6 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. ఆ లోబు మొత్తం తీసేశారు. రిపోర్టులో ‘అటిపికల్ కార్సినాయిడ్’ అని వచ్చింది. సర్జన్ గారు కీమో అక్కర్లేదు, ఆరు నెలలకి రండి అన్నారు. మీ మేనమామ గారేమో కేన్సరుకి కీమో ఇవ్వకుండా ఇంటికి పంపడమేమిటి, ఆశ వదులుకునే అలా చెప్పారంటున్నారు. మీరు నెట్‌లో ఒకచోట 90 శాతం అని, ఇంకోచోట 35 శాతం అని చదివారు. ఈలోగా చేయించిన రక్తపరీక్షలో క్రోమోగ్రానిన్, అంటే ఇలాంటి గడ్డలు రక్తంలోకి వదిలే పదార్థం, మామూలు కంటే మూడింతలుంది. అక్కకి ఇంకా ఎన్నేళ్లు అన్నది మీ ప్రశ్న.

నేను రోగుల్ని చూసే డాక్టర్ని కాను. 31 ఏళ్లు ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో పాథాలజీ విభాగంలో, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపులో చూసి జబ్బు చెప్పే చోట, పనిచేసి రిటైరయ్యాను. రోగుల మొహాలు నాకు తెలియవు, వాళ్ల గడ్డలు తెలుసు. కాబట్టి మీ అక్క ఎలా ఉందో నేను చెప్పలేను గానీ, ఆ రిపోర్టులో రాసింది ఎలా చదవాలో చెప్పగలను. మీ ప్రశ్నకి జవాబు చాలావరకు అందులోనే ఉంది.

ముందు ఆ 90, 35 సంగతి. రెండూ నిజమే. కానీ అవి ఒకే జబ్బు గురించి కావు, ఒకే గడువు గురించి కూడా కావు.

ఊపిరితిత్తుల కేన్సర్లలో కార్సినాయిడ్లు నూటికి ఒకటో రెండో. జర్మన్ పాథాలజిస్టు ఒబెర్న్‌డోర్ఫర్ 1907లో పేగుల్లోని కొన్ని చిన్న గడ్డల్ని చూసి, కార్సినోమా లాగా ఉన్నాయి గానీ దానంత చెడ్డగా లేవని ‘కార్సినాయిడ్’ అని పేరు పెట్టాడు. పేరులోనే ‘అలాంటిది’ అన్న అర్థం ఉంది. ఊపిరితిత్తుల్లో వచ్చేదాన్ని చాలాకాలం ‘బ్రాంకియల్ అడినోమా’ అన్నారు, అంటే అపాయం లేని గడ్డ అన్న లెక్క. అది తప్పని తరవాత తేలింది. ఇవి నెమ్మదిగా పెరుగుతాయి నిజమే, కానీ లింఫ్ గ్రంథులకీ కాలేయానికీ ఎముకలకీ పాకగలవు. అందుకని ఇప్పుడు వీటిని కేన్సర్లలోనే లెక్కిస్తున్నాం.

వీటిలో రెండు రకాలు: టిపికల్, అటిపికల్. రెంటికీ కణాల రూపం దాదాపు ఒకటే. మైక్రోస్కోపు కింద కణాలు పేటలు పేటలుగా, మధ్యలో సన్నటి సందుల్లా రక్తనాళాలతో కనిపిస్తాయి. కణకేంద్రకంలో ఉప్పూ మిరియాలపొడీ కలిపి చల్లినట్టు చుక్కలు. నిజం చెప్పాలంటే చూడ్డానికి అందమైన గడ్డ ఇది, పీజీ విద్యార్థులకి చూపించడానికి నేను ఎప్పుడూ ఒక స్లైడు పక్కన పెట్టుకునేదాన్ని. రెంటినీ విడదీసేవి రెండే విషయాలు. ఎన్ని కణాలు విభజన చెందుతూ కనపడ్డాయి, మధ్యలో చచ్చిన కణాల మచ్చలు, అంటే నెక్రోసిస్, ఉన్నాయా లేదా. 2 చదరపు మిల్లీమీటర్ల మేర చూసినప్పుడు విభజన చెందుతున్న కణాలు రెండు కంటే తక్కువుండి, నెక్రోసిస్ లేకపోతే టిపికల్. రెండు నుంచి పది వరకూ ఉన్నా, లేక నెక్రోసిస్ ఉన్నా అటిపికల్. పది దాటితే అది కార్సినాయిడ్ కోవలోది కాదు, లార్జ్ సెల్, స్మాల్ సెల్ అనే ఉధృతమైన రకాల వైపు చూడాలి.

ఈ గీత ఆకాశం నుంచి పడలేదు. 1972లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు మొదటిసారి అటిపికల్ రకాన్ని విడదీసినప్పుడు, విభజనలు ఐదు నుంచి పది ఉండాలన్నారు. 1998లో అమెరికా పాథాలజిస్టు ట్రావిస్ బృందం 200 గడ్డల్ని మళ్లీ చూసి, రెండు దగ్గరే మనుషుల భవిష్యత్తు మారుతోందని చూపించింది. అప్పట్నించీ గీత రెండు దగ్గరికి జరిగింది. మీరు చదివిన 35 శాతం వచ్చింది బహుశా అక్కడినుంచే. ఆ లెక్కలో టిపికల్ రకం వాళ్లు ఐదేళ్లకి 87 శాతం, పదేళ్లకీ 87 శాతం బతికున్నారు. అటిపికల్ వాళ్లు ఐదేళ్లకి 56, పదేళ్లకి 35 శాతం. మీ 90 టిపికల్ రకానికి ఐదేళ్ల లెక్క. మీ 35 అటిపికల్ రకానికి పదేళ్ల లెక్క.

56 చూసి బెంబేలు పడకండి. ఆ గడ్డలు చాలావరకు పాతకాలం నాటివి, కష్టమైన కేసులని ఎక్కడెక్కడి నుంచో సలహా కోసం పంపినవి. అప్పట్లో ఇప్పటిలాంటి సీటీలు లేవు, పెట్ స్కాన్లు లేవు. కాలేయంలో అప్పటికే విత్తనం పడినవాళ్లకి కూడా తెలియక ఆపరేషన్ చేసి ఆ లెక్కలో కలిపేసి ఉండొచ్చు. ఈమధ్య కాలంలో పూర్తిగా ఆపరేషన్ జరిగిన అటిపికల్ వాళ్ల లెక్కలు చూస్తే ఐదేళ్లకి 60 నుంచి 80 పైచిలుకు దాకా చెబుతున్నాయి. ఇంకో సంగతి, ఈ లెక్కల్లో ఎక్కువభాగం ‘ఏ కారణంతోనైనా చనిపోయినవాళ్లు’ అన్నదే. 70 ఏళ్ల పెద్దాయన గుండెపోటుతో పోయినా అది ఈ జబ్బు ఖాతాలోనే పడుతుంది. 36 ఏళ్ల మీ అక్కకి ఆ లెక్క కాస్త పెద్ద సైజు చొక్కా.

ఇప్పుడు మీరు పంపిన రిపోర్టు. ఒక్కో వాక్యం చూద్దాం.

విభజనలు 3. అటిపికల్ గీత రెండు దగ్గర మొదలై పది దాకా పోతుంది, మీ అక్కది కింది మెట్టు. నెక్రోసిస్ లేదు. 106 అటిపికల్ గడ్డల మీద 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో, విభజనలు ఎక్కువున్నవాళ్లకీ, గడ్డ మూడున్నర సెంటీమీటర్లూ ఆపైన ఉన్నవాళ్లకీ ఫలితం బాగాలేదని తేలింది. మీ అక్కకి ఆ రెండూ లేవు. కేఐ-67 అన్నది, అంటే విభజన దారిలో ఉన్న కణాలు నూటికి ఎన్నో చెప్పే రంగు పరీక్ష, 8 శాతం. టిపికలా అటిపికలా అని విడదీయడానికి ఈ అంకెని అధికారికంగా వాడరు, కానీ గడ్డ ఎంత చురుగ్గా ఉందో చెబుతుంది. 8 అంటే టిపికల్ కంటే కొంచెం ఎక్కువ, భయపడేంత కాదు.

మార్జిన్ శుభ్రంగా ఉంది, అంటే కోసిన అంచులో కేన్సర్ కణాలు లేవు. ఈ జబ్బులో అన్నిటికంటే పెద్ద మాట ఇదే. కొన్ని కార్సినాయిడ్లు శ్వాసనాళం లోపలికి పండిన రేగుపండులా ఎర్రగా, నున్నగా పొడుచుకొచ్చి కనిపిస్తాయి, అసలు గడ్డ గోడ అవతలే ఎక్కువుంటుంది. అందుకే బ్రాంకోస్కోపులోంచి, అంటే శ్వాసనాళంలోకి దించే గొట్టంలోంచి, కాల్చి తీసేస్తే సరిపోతుందని ఆశపడకూడదు, ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లకే ఆ దారి. మీ సర్జన్ లోబు తీసేయడం సరైన పని.

లింఫ్ గ్రంథులు 9 చూస్తే 1లో ఉంది. ఇదొక్కటే మీ అక్కకి వ్యతిరేకంగా ఉన్న వాక్యం. దాన్ని తగ్గించి చెప్పను. అయితే ఆ ఒక్కటి ఎక్కడ ఉందో చూడండి: ‘11వ స్థానం’ అని రాశారు, అంటే ఊపిరితిత్తి లోపల లోబుల నడుమ ఉండే గ్రంథి. 7, 9 స్థానాలవి, అంటే ఛాతీ మధ్యలోవి, తీసి చూశారు, శుభ్రంగా ఉన్నాయి. మధ్యలోకి పాకి ఉంటే నేను వేరేలా రాసేదాన్ని. అటిపికల్ రకంలో గ్రంథులకి పాకడం అరుదు కాదు, మూడో వంతు నుంచి సగం మందిలో కనిపిస్తుంది. టిపికల్‌లో అయితే పదిమందిలో ఒకరికి. సర్జన్ మధ్య గ్రంథులు తీయకపోయి ఉంటే ‘లేవు’ అన్న మాటకి విలువుండేది కాదు. తీశారు కాబట్టి ఉంది.

స్టేజి దగ్గర మీరు తికమక పడ్డారు, ఒక డాక్టరు 2బి అన్నారు, ఇంకొకరు 2ఎ అన్నారని. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కేన్సర్ల స్టేజి తేల్చే పుస్తకం ఎనిమిదో ఎడిషన్ ప్రకారం ఈ గడ్డ, ఈ గ్రంథి కలిపితే 2బి. 2025 జనవరి నుంచి వాడుకలోకొచ్చిన తొమ్మిదో ఎడిషన్‌లో అదే 2ఎ. గడ్డ మారలేదు, పుస్తకం మారింది.

ఇవన్నీ కలిపి నా అంచనా చెబుతాను. ఐదేళ్ల తరవాత మీ అక్క మీ మధ్య ఉండే అవకాశం, లేకపోయే అవకాశం కంటే చాలా ఎక్కువ. అటిపికల్‌లో సుమారు నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు జబ్బు తిరగబెడుతుంది. గ్రంథిలో ఉంది కాబట్టి మీ అక్కకి అది ఆ సగటు కంటే కాస్త ఎక్కువే అనుకోవాలి. తిరగబెట్టడం అంటే వెంటనే ప్రాణం పోవడమూ కాదు, ఆ సంగతి కింద చెబుతాను. ‘ఇన్నేళ్లు’ అని ఒక్క అంకె చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు రిపోర్టు చదవలేదని అనుకోండి.

ఇంతా చెప్పాక ఒక పాథాలజిస్టుగా నేను మిమ్మల్ని చేయమనేది ఒకటుంది. ఆ స్లైడ్లు ఇంకొకరితో చదివించండి.

ఎందుకంటే మీ అక్క భవిష్యత్తు గురించి ఇప్పటిదాకా చెప్పిందంతా ‘3’ అన్న ఒక్క అంకె మీద నిలబడి ఉంది. అది 1 అయితే జబ్బు పేరే మారిపోతుంది. ఆ లెక్క ఎలా కడతారో మీకు తెలిస్తే ఎందుకు భయపడుతున్నానో అర్థమవుతుంది. స్లైడులో విభజనలు బాగా ఎక్కువున్న చోటు వెతకాలి, కణాలు దట్టంగా ఉన్న చోట 2 చదరపు మిల్లీమీటర్ల మేర లెక్కపెట్టాలి. అంకె గీత దగ్గరుంటే అలాంటివి మూడు చోట్ల లెక్కపెట్టి సగటు తీయాలి. పాత మైక్రోస్కోపుకీ కొత్తదానికీ ఒక్కో చూపులో కనపడే మేర వేరు, కాబట్టి ‘పది ఫీల్డులు’ అని లెక్కపెడితే ఒకరికి 2 వచ్చింది ఇంకొకరికి 3 అవుతుంది. చచ్చిపోతూ ముడుచుకున్న కణం కూడా విభజనలాగే నల్లగా కనిపిస్తుంది. దాంట్లో అనుభవజ్ఞులకే తేడాలొస్తాయి.

దీనికితోడు మన ఊళ్ల పరిస్థితి. ఆపరేషన్ చేసిన చోట పాథాలజీ లేకపోతే తీసిన ముక్కని ప్లాస్టిక్ డబ్బాలో వేసి బంధువుల చేతికిచ్చి పట్నంలో ల్యాబుకి పంపుతారు. ఆ డబ్బాలో ఫార్మలిన్, అంటే ముక్క చెడిపోకుండా ఉంచే ద్రవం, తగినంత ఉందా? ఊపిరితిత్తి ముక్కకి అది లోపలి దాకా ఇంకిందా? బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చిన డబ్బాలు నేను వందలు చూశాను, కొన్నిట్లో సెలైన్ నీళ్లే ఉండేవి. ఫార్మలిన్ ఆలస్యమైతే కణాలు చెడిపోతాయి, విభజనలు లెక్కకి అందవు, లేని నెక్రోసిస్ ఉన్నట్టు కనిపిస్తుంది. అలా తెచ్చినవాళ్ల తప్పు కాదిది, వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. 1994లో ఒక పాతికేళ్ల కుర్రాడి బ్రాంకోస్కోపీ ముక్క నా టేబుల్ మీదికొచ్చింది. ఆవగింజంత ముక్క, పట్టకారులో నలిగి కణాలన్నీ దారాల్లా సాగిపోయాయి. నేను ‘స్మాల్ సెల్ కార్సినోమా’ అని రాశాను. ఆ మాటకి ఆ కుర్రాడికి కీమో మొదలుపెట్టారు. నాలుగు విడతలైనా గడ్డ పిసరంత కూడా కదల్లేదు. అనుమానమొచ్చి ఆపరేషన్ చేశారు. ఆ ముక్క కోసి చూస్తే పేటలు పేటలుగా, శుభ్రమైన కార్సినాయిడ్. నలిగిన ముక్కని చూసి నేను మోసపోయాను. అప్పుడు మా ల్యాబులో కేఐ-67 లేదు. ఉంటే తేలిపోయేది, స్మాల్ సెల్‌లో అది సాధారణంగా 50 దాటి, ఎన్నోసార్లు 80, 90 దాకా పోతుంది. కార్సినాయిడ్‌లో అంత రాదు. ఆ తరవాత రిటైరయ్యేదాకా నలిగిన ముక్క మీద ఆ రెండు పదాలు రాసేముందు రోగి వయసు చూసేదాన్ని, పక్క గదిలో ఉన్నవాళ్లని పిలిచి చూపించేదాన్ని. రెండో కన్ను అంటే అవమానం అనుకునే పాథాలజిస్టు దగ్గర మీ అక్క స్లైడ్లు ఉంచకండి.

పని కష్టమేం కాదు. ఆపరేషన్ ముక్కని మైనంలో పోతపోసి దాచిన దాన్ని ‘బ్లాకు’ అంటాం. బ్లాకులూ స్లైడ్లూ అడిగి, సంతకం పెట్టి తీసుకోవచ్చు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్ ఉన్నాయి. విశాఖలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉంది. ముంబయి టాటా మెమోరియల్‌కో, మనవాళ్లు రాయవేలూరు అనే వేలూరులోని సీఎంసీ ఆసుపత్రికో వెళ్లేవాళ్లు ఉన్నారు. రోగి వెళ్లక్కర్లేదు, బ్లాకు వెళితే చాలు. పాత రిపోర్టు నకలు, సీటీ రిపోర్టు తోడుగా పెట్టండి. ఒక్క మాట, బ్లాకుని ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం కదా.

ఇక కీమో సంగతి, మీ మేనమామ గారికి చెప్పడానికి.

కీమో మందులు విభజన చెందుతున్న కణాల్ని పట్టుకుంటాయి. ఆ ముక్కలో వేలకొద్దీ కణాల మధ్య లెక్కపెడితే దొరికినవి మూడు. కీమోకి అందేది అక్కడ ఏముంది? నా 1994 కుర్రాడి గడ్డ కదలకపోవడానికి కారణం అదే. పూర్తిగా తీసేసిన కార్సినాయిడ్‌కి ఆపరేషన్ తరవాత కీమో ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని నిరూపించిన పరీక్ష ఒక్కటీ లేదు. అమెరికా జాతీయ కేన్సర్ సమాచారంలోంచి గ్రంథులకి పాకిన టిపికల్ వాళ్లని ఏరి చూస్తే, కీమో తీసుకున్నవాళ్లకి మెరుగేమీ కనపడలేదు. అటిపికల్‌లో ఛాతీ మధ్య గ్రంథులకి పాకినప్పుడు, విభజనలు మరీ ఎక్కువున్నప్పుడు డాక్టర్లు కూర్చుని మాట్లాడుకుంటారు, అది కూడా ఒక్కొక్క రోగిని బట్టి. మీ అక్కది ఆ లెక్కలో పడదు. కీమో వద్దన్న సర్జన్ ఆశ వదులుకోలేదు, జబ్బు చదివారు.

క్రోమోగ్రానిన్ మూడింతలు అన్నదానికి ఒక చిన్న ప్రశ్న. ఆపరేషన్ అయినప్పట్నించీ పొద్దున పరగడుపున పాంటాప్రజోల్ మాత్ర వేసుకుంటున్నారా? మన దగ్గర ఏ ఆపరేషన్ అయినా ‘గ్యాస్ మాత్ర’ తప్పదు కదా. ఆ రకం మాత్రలు క్రోమోగ్రానిన్‌ని బాగా పెంచేస్తాయి. మూత్రపిండాలు సరిగా లేకపోయినా పెరుగుతుంది. డాక్టర్ని అడిగి ఆ మాత్ర రెండు వారాలు ఆపి, మళ్లీ చేయించండి. అప్పటికీ పెరిగి ఉంటే స్కాన్‌తో కలిపి చూడాలి, ఒక్క రక్తపరీక్షని చూసి జబ్బు తిరగబెట్టిందని ఎవరూ చెప్పకూడదు. ఈ పరీక్షని నేనైతే మొదటే రాసేదాన్ని కాదు, ఊపిరితిత్తి కార్సినాయిడ్‌లో ఇది మనుషుల్ని భయపెట్టినంతగా పనికి రాదు.

పథ్యం గురించి రాశారు, వంకాయ, టమాటా, అరటిపండు మానేయమన్నారని. ఇది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. కార్సినాయిడ్లలో కొన్ని సెరటోనిన్ అనే పదార్థం వదులుతాయి, మొహం ఎర్రబడి వేడెక్కడం, విరేచనాలు వస్తాయి. దాన్ని పట్టడానికి 24 గంటల మూత్రంలో ఒక పరీక్ష చేస్తారు. ఆ పరీక్షకి ముందు రెండు మూడు రోజులు అరటి, అనాస, టమాటా, వంకాయ లాంటివి తినొద్దంటారు, ఎందుకంటే వాటివల్ల అంకె తప్పుగా పెరుగుతుంది. పరీక్షకి పెట్టిన నియమం ఎవరి నోట్లోనో పడి జీవితాంతం పథ్యమైపోయింది. ఊపిరితిత్తి కార్సినాయిడ్‌లో ఆ లక్షణాలు నూటికి కొద్దిమందికే ఉంటాయి, మీ అక్కకి లేవని మీరే రాశారు. వంకాయ కూర తినమనండి.

టీబీ మాత్రలు వాడించి ఆలస్యం చేయడంవల్ల ఆయుష్షు తగ్గిందా అని అడిగారు. నిజాయితీగా చెబితే, గ్రంథికి ఎప్పుడు పాకిందో ఎవరూ చెప్పలేరు. ఇది ఏళ్ల తరబడి పెరిగే గడ్డ, మొదటిసారి దగ్గినప్పుడే పాకి ఉండొచ్చు. ఈ జబ్బుని ఆస్తమా అనుకోవడం ప్రపంచమంతటా జరిగేదే. మన దేశంలో టీబీ అనుకోవడం అదనం. శ్వాసనాళానికి గడ్డ అడ్డుపడితే దాని వెనకున్న భాగం మళ్లీ మళ్లీ నిమ్ము చేస్తుంది, ఎక్స్‌రేలో ఎప్పుడూ అదే చోట మచ్చ కనిపిస్తుంది. ‘ఎప్పుడూ అదే చోట’ అన్నదే గుర్తు పట్టాల్సిన మాట. రెండుసార్లు ఒకే చోట నిమ్ము వస్తే సీటీ తీయించమని మీ ఊళ్లో పదిమందికి చెప్పండి. ఆ డాక్టరు మీద కోపం మాత్రం ఇప్పుడు మీ అక్కకి ఏ పనికీ రాదు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ రాయదలుచుకున్న సంగతి. ఈ జబ్బులో ప్రమాదం మొదటి ఆరు నెలలతో అయిపోదు, ఆరో ఏట కూడా ఉంటుంది.

మామూలు ఊపిరితిత్తి కేన్సరు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడుతుంది, ఐదేళ్లు దాటితే మనవాళ్లు ‘గండం గడిచింది’ అనుకుంటారు. కార్సినాయిడ్‌కి ఆ లెక్క తెలియదు. పదేళ్ల తరవాత కూడా రావచ్చు. ఒక స్కూలు మాస్టారి కాలేయం ముక్క ఒకసారి నా దగ్గరికొచ్చింది. కార్సినాయిడ్‌లా కనపడి, పాత రిజిస్టర్లు తీయించాను. పదకొండేళ్ల కిందట ఊపిరితిత్తి ఆపరేషన్, అప్పటి రిపోర్టు మా విభాగానిదే, ‘టిపికల్’ అని. పాత బ్లాకు బయటికి తీసి కొత్త ముక్క పక్కన పెట్టి చూస్తే అవే పేటలు, అవే సందులు. మాస్టారు నాలుగో ఏట నుంచి చూపించుకోవడం మానేశారట. ఎందుకు మానేశారంటే, బాగున్నారు కాబట్టి. ఆయాసం లేదు, దగ్గు లేదు, బడికి సైకిలు మీద పోతున్నారు, మరి హైదరాబాదు ఎందుకు? ఈ జబ్బులో మనిషి బాగుండటమే మనిషిని మోసం చేస్తుంది.

ఆయన కథ అక్కడితో అయిపోలేదు. నెలకోసారి ఇంజెక్షన్ మీద పెట్టారు. నేను రిటైరయ్యేనాటికి ఆరేళ్లయింది, ఆయన ఇంకా తన కాళ్ల మీద నడిచి ఓపీకి వస్తూనే ఉన్నారు. తిరగబెట్టడమంటే వెంటనే ప్రాణం పోవడం కాదని పైన అన్నది ఇందుకే. ఒకటి రెండు చోట్లే ఉంటే మళ్లీ ఆపరేషన్ చేస్తారు. ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ ఇంజెక్షన్లు ఎదుగుదలని నిలువరిస్తాయి. ఎవరోలిమస్ మాత్ర ఉంది. 2016లో వెలువడిన పెద్ద పరీక్షలో ఊపిరితిత్తి, పేగుల గడ్డలున్నవాళ్లలో అది జబ్బు ముదరకుండా 11 నెలలు ఆపింది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో అది 3.9 నెలలు. కాబోజాంటినిబ్‌ని 2025లో అమెరికాలో అనుమతించారు. లుటీషియం అనే అణు చికిత్స మన హైదరాబాదులోనూ చేస్తున్నారు. ఇవి జబ్బుని తుడిచిపెట్టవు, ఏళ్ల తరబడి పక్కన కూర్చోబెడతాయి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు వీటిలో ఏదీ మా రోగుల చేతికి అందేది కాదు.

కాబట్టి చెకప్ ఎలా ఉండాలంటే, అటిపికల్‌కి మొదటి కొన్నేళ్లు సుమారు ఆరు నెలలకోసారి, ఆ తరవాత ఏడాదికోసారి, కనీసం పది పదిహేనేళ్లు. ఛాతీకి సీటీ, కాలేయం కూడా చూసేలా. ఎక్స్‌రే ఒక్కటే తీసి ‘బాగుంది’ అంటే ఒప్పుకోకండి, చిన్నవి అందులో కనపడవు. డోటాటేట్ పెట్ అనే ప్రత్యేక స్కాన్ ఒకటుంది, కార్సినాయిడ్ కణాల మీదుండే గ్రాహకాల్ని అది పట్టుకుంటుంది. మీ అక్కకి ఆపరేషన్‌కి ముందు చేయలేదని రాశారు. గ్రంథిలో ఉంది కాబట్టి ఇప్పుడొకసారి చేయించడం మంచిదా అని మీ డాక్టర్ని అడగండి, అడగాల్సిన ప్రశ్నే. ఆ స్కాన్‌లో పాంక్రియాస్ తల దగ్గర వెలుగు కనపడితే కంగారు పడకండి, అది చాలామందిలో సహజంగానే వెలుగుతుంది. మామూలు ఎఫ్‌డీజీ పెట్‌లో అయితే పాత టీబీ గ్రంథులు కూడా దివిటీల్లా వెలుగుతాయి, దాన్ని చూసి ‘పాకింది’ అని ఎవరైనా అంటే ముక్క తీసి చూశాకే నమ్మండి. ముక్క చూడకుండా నమ్మకపోవడం మా కులవృత్తి.

వంశపారంపర్యమా అని కూడా అడిగారు. సాధారణంగా కాదు. కొద్దిమందిలో మెన్-1 అనే జన్యులోపంతో వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా మళ్లీ మళ్లీ కిడ్నీ రాళ్లు, పారాథైరాయిడ్ జబ్బు, పిట్యూటరీ గడ్డ, పాంక్రియాస్ గడ్డ ఉన్నాయేమో గుర్తుచేసుకోండి. లేకపోతే రక్తంలో కాల్షియం ఒకసారి చూపించి ఆ సంగతి వదిలేయండి. సిగరెట్టు తాగనివాళ్లకెలా వచ్చిందన్నది అందరూ అడుగుతారు. టిపికల్ రకానికి పొగతో పెద్దగా సంబంధం కనపడలేదు, అటిపికల్‌లో కొంత ఉంది, అయినా ఎప్పుడూ తాగనివాళ్లకీ వస్తుంది. మీ బావగారు ఇంట్లో బీడీ తాగడం మాత్రం మానాలి, మిగిలిన ఊపిరితిత్తికి అది అక్కర్లేదు.

ఆయాసం, నొప్పి నా విభాగం కాదు, ఛాతీ వైద్యులు చెప్పాలి. నాకు తెలిసినంతవరకు పక్కటెముక వెంట మంట, మొద్దుబారడం నెలల తరబడి ఉండొచ్చు, అది జబ్బు తిరగబెట్టడం కాదు. ఊపిరి వ్యాయామానికి ఇచ్చిన మూడు బంతుల పరికరాన్ని అటకెక్కించొద్దు. దాన్ని ఊదకుండా పీల్చమనండి, చాలామంది తిరగేసి ఊదుతారు. ఎడమవైపు మిగిలిన పై లోబు సాగి ఖాళీని కొంత నింపుతుంది. బడికి ఎప్పుడు పోవచ్చో సర్జన్ని అడిగి పంపండి. ఇంట్లో కూర్చోబెట్టి అందరూ జాలిగా చూస్తుంటే ఆవిడకి ఊపిరాడదు.

ఆరు నెలల చెకప్‌కి వెళ్లేలోపు చేయాల్సింది: బ్లాకు నంబరు రాయించుకుని బ్లాకు, స్లైడ్లు తీసుకోవడం, ఇంకోచోట చదివించడం, గ్యాస్ మాత్ర ఆపి క్రోమోగ్రానిన్ మళ్లీ చూడటం, డోటాటేట్ గురించి అడగడం. రెండో రిపోర్టులో విభజనల అంకె 3 కాకుండా ఇంకేదైనా వస్తే నాకు రాయండి. 1 అని వచ్చినా, 7 అని వచ్చినా పైన నేను కట్టిన లెక్క మళ్లీ కట్టాలి.